లెక్కల ఆఫీసు నుంచి వెలుగు లెక్కల దాకా

కమ్మింగ్ (జార్జియా): ఆ రోజు మా సైట్‌లో పొద్దున్నే పని ఆగిపోయింది. పాత షెడ్డు పడగొడుతుంటే వెనకాల మట్టిలో సగం కూరుకుపోయిన డ్రమ్ము ఒకటి బయటపడింది. లేబుల్ లేదు. లోపల ఏదో ద్రవం ఉంది. తెలియని డ్రమ్ము కనిపిస్తే దాని దగ్గరికి ఎవరూ వెళ్లకూడదని సైట్‌లో రూలు. పదకొండు గంటలకు కాంక్రీట్ లారీలు రావాలి. మనుషులందరినీ పక్కన కూర్చోబెట్టి, లారీలను ఆపమని ఫోన్లు చేసుకుంటూ మేం తల పట్టుకున్నాం.

కాసేపటికి రసాయనాలు పరీక్షించే మనిషి వచ్చాడు. చేతిలో ఇటుకంత పెట్టె. ఒళ్లంతా కప్పుకుని, కాస్త ద్రవం చిన్న గాజు సీసాలోకి తీసి మూత బిగించాడు. ఆ పెట్టెను సీసాకు ఆనించి బటన్ నొక్కాడు. అర నిమిషంలో తెర మీద పేరు పడింది. ఎథిలిన్ గ్లైకాల్ అట. అంటే కారు రేడియేటర్‌లో పోసే యాంటీఫ్రీజ్ సరుకు. ఎవరో ఎప్పుడో పారేసి పోయారు. ఇదేం మిషన్ అని అడిగితే రామెన్ అన్నాడు. మాకు నూడుల్స్ గుర్తొచ్చాయి. స్పెల్లింగ్ అడిగాక గానీ అర్థం కాలేదు, అతను చెబుతున్నది రామన్ అని. అది ఒక మనిషి పేరనీ, ఆయన మా విశాఖపట్నంలో చదువుకున్నాడనీ చెబితే ఆశ్చర్యపోయాడు. నిజం చెప్పొద్దూ, మాకు తెలిసింది కూడా అంతవరకే. ఆ తర్వాత కొన్ని వారాలు డ్యూటీ దిగాక కూర్చుని ఆయన గురించి చదివాం. మాది పాలిటెక్నిక్ చదువు, ఫిజిక్స్ పండితులం కాము. అర్థమైనంత వరకు మన పాఠకులతో పంచుకుంటున్నాం.

చంద్రశేఖర వెంకట రామన్ పుట్టింది 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లి దగ్గర, తమిళ కుటుంబంలో. ఎనిమిది మంది పిల్లల్లో రెండోవాడు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం రావడంతో 1892లో కుటుంబం అక్కడికి మారింది. పొట్టకూటి కోసం ఊరు మారిన ఇల్లే అదీనూ. రామన్‌కు అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. పదకొండేళ్లకు మెట్రిక్యులేషన్ అయిపోయింది. పదమూడేళ్లకు ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది, తండ్రి పనిచేసే కాలేజీలోనే పూర్తిచేశారు. ఆ కాలేజీ ఇప్పటికీ పాత ఊళ్లో, సముద్రానికి దగ్గర్లోనే ఉంది. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆయన చూసిన సముద్రం మన విశాఖ సముద్రం. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

అక్కడి నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. 1904లో బి.ఏ. ఫస్టున పాసయ్యారు, ఫిజిక్స్‌లోనూ ఇంగ్లిషులోనూ బంగారు పతకాలు. ఆ రోజుల్లో తెలివైన కుర్రవాడంటే ఇంగ్లాండు వెళ్లాల్సిందే. రామన్‌ను పరీక్షించిన సివిల్ సర్జన్ ఈ పిల్లవాడు అక్కడి చలికి తట్టుకోలేడని తేల్చేశాడు. మెడికల్‌లో అన్‌ఫిట్ అయితే ఎలా ఉంటుందో గల్ఫ్ వెళ్లాలని ముంబై దాకా వచ్చి వెనక్కి మళ్లినవాళ్లకు బాగా తెలుసు. రామన్ మాత్రం మద్రాసులోనే ఎం.ఏ.లో చేరి, పద్దెనిమిదేళ్ల వయసులో, 1906లో, కాంతి మీద తన మొదటి వ్యాసం లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చేయించుకున్నారు. ఎవరి సిఫార్సూ లేదు.

కానీ సైన్సు చదివితే తిండి పెట్టే ఉద్యోగాలు అప్పట్లో మనవాళ్లకు చాలా తక్కువ. అందుకే ప్రభుత్వ ఆర్థిక సర్వీసు పరీక్ష రాశారు. ఫస్టొచ్చారు. 1907లో లోకసుందరి గారితో పెళ్లయింది. అదే ఏడు కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. అంత చిన్న వయసులో అంత పెద్ద ఉద్యోగం, మంచి జీతం. మరొకరైతే అక్కడితో కథ అయిపోయేది.

ఒకరోజు ట్రామ్‌లో పోతుంటే బౌబజారు వీధిలో 210 నంబరు భవనం మీద బోర్డు కనిపించింది. అది డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన సైన్సు పరిశోధనా సంఘం. ఆయన పోయాక అందులో పరిశోధన చేసేవాళ్లు లేక హాళ్లు, పరికరాలు దుమ్ము పట్టి ఉన్నాయి. రామన్ వెళ్లి తలుపు తట్టారు. తలుపు తీసినాయన పేరు ఆశుతోష్ డే. అందరూ ఆశుబాబు అనేవారు. యూనివర్సిటీ గడప తొక్కని మనిషి. కానీ పరికరం ఏదైనా ఆయన చేతిలో పడితే దారికి రావాల్సిందే. ఆ తలుపు దగ్గర మొదలైన స్నేహం పాతికేళ్లు సాగింది. మాకు ఈ కథలో అందరికంటే నచ్చిన మనిషి ఈయనే. ప్రతి సైట్‌లోనూ ఒక ఆశుబాబు ఉంటాడు. కాగితం మీద అతని పేరుండదు, అతను రాని రోజు పని జరగదు. ఇక్కడ మాత్రం రామన్ ఒక మంచి పని చేశారు. ఆశుబాబు పేరు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యేలా చూశారు.

ఆ తర్వాత పదేళ్లు రామన్ దినచర్య చదివితే మాకు మన ఓవర్‌టైమ్ గుర్తొచ్చింది. తెల్లవారుజామున ల్యాబ్. పది గంటలు కావొస్తుండగా పరుగున ఇంటికొచ్చి స్నానం, నాలుగు ముద్దలు, ఆఫీసు. సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా మళ్లీ ల్యాబ్‌కే. రాత్రి తొమ్మిదిన్నరకో పదికో ఇల్లు. ఆదివారం రోజంతా అక్కడే. పైసా అదనంగా రాదు. వయొలిన్, వీణ, మృదంగం, తబలా తీగెలూ చర్మాలూ ఎలా కంపిస్తాయో ఆ గంటల్లోనే లెక్కకట్టారు. మధ్యలో రంగూన్‌కు బదిలీ, తర్వాత నాగపూర్, 1911లో తిరిగి కలకత్తా. ఎక్కడికి వేస్తే అక్కడ ఇంట్లోనే చిన్న ల్యాబ్ పెట్టుకున్నారట. ఆఫీసు పనిలో కూడా ఆయన మీద ఫిర్యాదు లేదు. పై అధికారులు మెచ్చుకునే ఆఫీసరే.

1917లో పరీక్ష ఎదురైంది. కలకత్తా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన ఆశుతోష్ ముఖర్జీ కొత్తగా పెట్టిన పాలిత్ ప్రొఫెసర్ పదవికి రామన్‌ను పిలిచారు. జీతం ఆఫీసులో వచ్చేదానిలో దాదాపు సగం. పైగా ఆ పదవికి ఎంపికైనవాళ్లు విదేశాలకు వెళ్లి శిక్షణ పొంది రావాలని షరతు. రామన్ సగం జీతానికి సరేనన్నారు, షరతుకు మాత్రం ససేమిరా అన్నారు. ఇక్కడ నేర్చుకున్నది చాలదని ఎందుకు ఒప్పుకోవాలి అన్నది ఆయన పట్టుదల. చివరికి షరతే సడలింది. మా దగ్గర పనిచేసే శ్రీకాకుళం పెద్దాయనకు ఈ భాగం చెబితే, ఇంట్లో భార్య ఏమనలేదా అని అడిగాడు. సరైన ప్రశ్నే. జీతం సగమైతే ఇల్లు నడిపేది ఆవిడే కదా. పుస్తకాల్లో లోకసుందరి గారి గురించి రాసింది తక్కువ. విదేశీ ముద్ర అక్కర్లేదన్న మనిషి గురించి విదేశంలో కూర్చుని రాస్తున్న మాకు ఇక్కడ కాస్త గుచ్చుకున్న మాట కూడా నిజమే.

ఆయన మొదటిసారి ఇంగ్లాండు వెళ్లింది 1921లో, ఆక్స్‌ఫర్డ్‌లో యూనివర్సిటీల సభకు ప్రతినిధిగా. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం కింద గోడకు నోరు పెట్టి గుసగుసలాడితే అవతలి వైపు చెవికి వినిపిస్తుంది. రామన్ అక్కడ నిలబడి ఆ శబ్దాన్ని కొలిచారు. ఇండియా వచ్చాక బీజాపూర్ గోల్ గుంబజ్, పాట్నా గోల్‌ఘర్ కూడా వదల్లేదు. కట్టడం చూస్తే కొలవాలనిపించే మనిషి మాకు నచ్చకుండా ఎలా ఉంటాడు!

తిరుగు ప్రయాణం నార్కుండా అనే ఓడలో. మధ్యధరా సముద్రం నీలం చూసి ఆగిపోయారు. ఆకాశం నీలం ఎందుకో లెక్కకట్టిన లార్డ్ రేలీ, సముద్రం నీలం ఆకాశం ప్రతిబింబమే తప్ప వేరే కాదని చెప్పి ఉన్నాడు. పెద్దవాడి మాట, అందరూ నమ్మారు. రామన్ జేబులో నికోల్ ప్రిజం ఉంది. నీటి మీద పడి తిరిగివచ్చే కాంతిని ఒక కోణంలో అది అడ్డుకుంటుంది. దాన్ని కంటి దగ్గర పెట్టుకుని డెక్ మీద నుంచి చూశారు. ప్రతిబింబం పోయింది, నీలం పోలేదు. ఇంకా చిక్కబడింది. అంటే నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయన్నమాట. విశాఖ ఒడ్డున పెరిగిన మనిషికి ఇంత పెద్ద సంగతి తెలియడానికి పరికరం బొటనవేలంత. ఇక్కడ మన లేనియర్ సరస్సు దగ్గరికి ఆదివారం పిల్లలతో వెళ్లేవాళ్లు పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని తల అటూ ఇటూ వంచి చూడండి. నీటి మీది మెరుపు తగ్గి లోపలి రంగు తేలడం తెలుస్తుంది. వాన పడ్డాక అయితే ఎర్రమట్టి కలిసి ఏ నీలమూ కనబడదు, అది వేరే సంగతి.

మరో ముచ్చట. 1922లో నేచర్ పత్రికలో రామన్ కాల్చిన ఉక్కు మీద వచ్చే రంగుల గురించి రాశారు. వెల్డింగ్ చేసిన చోట గడ్డి రంగు, ఊదా, నీలం వరసగా పట్టీల్లా కనిపిస్తాయే, అవే. మేం రోజూ చూసేవి. వాటి మీద కూడా ఒక మనిషి ఆలోచించాడని మాకు ఈ వయసులో తెలిసింది.

సముద్రం దగ్గర మొదలైన పని ఏడేళ్లు నడిచింది. 1923లో శిష్యుడు కె.ఆర్. రామనాథన్ నీళ్లలో, పంపిన కాంతి రంగు కాక మరో మసక రంగు కూడా వస్తున్నట్టు చూశారు. మలినం వల్ల అనుకున్నారు. శుభ్రం చేసినా పోలేదు. 1928 జనవరిలో మరో శిష్యుడు వెంకటేశ్వరన్ గ్లిజరిన్‌లో అదే చూశారు. అప్పుడు రామన్, కె.ఎస్. కృష్ణన్ కలిసి ఒక్కో ద్రవాన్నీ పట్టుకున్నారు. పద్ధతి చాలా సులువైనది. సూర్యకాంతిని టెలిస్కోపు లెన్సుతో ఒక చోటికి తెచ్చి, ఊదా రంగు అద్దం గుండా ద్రవంలోకి పంపాలి. కంటి ముందు ఆకుపచ్చ అద్దం పెట్టాలి. మొదటి అద్దం వదిలిన రంగును రెండోది ఆపేస్తుంది కాబట్టి చీకటే కనిపించాలి. కానీ సన్నటి వెలుగు గీత కనిపించింది. అంటే లోపలికి వెళ్లిన కాంతిలో కొంత రంగు మార్చుకుని వస్తోంది. ఫిబ్రవరి 28న స్పెక్ట్రోస్కోపు పెట్టి చూస్తే కొత్త రంగు విడిగా, మధ్యలో ఖాళీతో స్పష్టంగా కనిపించింది. ఆ పరికరాల ఖర్చు కొన్ని వందల రూపాయలకు మించదని చెబుతారు.

దాని అర్థం ఇది. కాంతి అణువుకు తగిలినప్పుడు దాదాపు అంతా అదే రంగుతో వెనక్కి వస్తుంది. కోటి వంతుల్లో ఒక వంతు మాత్రం అణువు కంపనాలకు కాస్త శక్తి ఇచ్చో, తీసుకునో రంగు మార్చుకుంటుంది. ఏ అణువు కంపనం దానిదే. కాబట్టి ఆ మారిన రంగులు ఆ పదార్థానికి వేలిముద్ర లాంటివి. మా డ్రమ్ములోది ఎథిలిన్ గ్లైకాల్ అని పెట్టె చెప్పింది ఈ వేలిముద్ర చూసే.

నేచర్‌కు పంపిన మొదటి నోట్ మీద రామన్, కృష్ణన్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 1930 నోబెల్ మాత్రం ఒక్క రామన్‌కే వచ్చింది, పేరు కూడా రామన్ ఎఫెక్ట్ అనే నిలిచింది. ఆలోచన, ఏడేళ్ల పట్టు రామన్‌దే, అందులో అనుమానం లేదు. అయినా కృష్ణన్‌కు రావాల్సినంత పేరు రాలేదని అన్నవాళ్లున్నారు, మాకూ అలాగే అనిపించింది. స్లాబు పదిమంది వేస్తారు, ప్రారంభోత్సవం శిలాఫలకం మీద ఒక్కడి పేరుంటుంది. మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ కూడా అదే నెలలో స్ఫటికంలో ఇదే చూశారు, అచ్చులో వెనకబడ్డారు. రామన్ నమ్మకం ఎంతటిదంటే, నవంబర్‌లో ప్రకటించే బహుమతి కోసం జూలైలోనే తనకూ లోకసుందరి గారికీ ఓడ టికెట్లు కొనేశారు.

అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరారు. 1932లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి విశాఖలో రామన్ ఎఫెక్ట్ పరిశోధనకు పాదు వేశారు. తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్‌సి డైరెక్టర్, రక్షణ మంత్రికి సైన్సు సలహాదారు అయ్యారు. రామన్ పదమూడేళ్ల వయసులో వదిలిన ఊరికి ఆయన పని అలా శిష్యుడి చేతిమీదుగా తిరిగొచ్చింది.

మిగిలింది త్వరగా చెబుతాం. 1933లో ఐఐఎస్‌సికి మొదటి భారతీయ డైరెక్టర్. గొడవలు, 1937లో ఆ కుర్చీ దిగడం, ప్రొఫెసర్‌గా 1948 దాకా కొనసాగడం. ఆ ఏడే బెంగళూరులో సొంత సంస్థ. 1954లో భారతరత్న. కోపం ఎక్కువ, మాట కటువు, రాజీ తక్కువ. 1970 నవంబర్ 21న కన్నుమూశారు. ఆయన కోరినట్టే ఏ తంతూ లేకుండా తన సంస్థ తోటలోనే దహనం చేసి, ఆ చోట ఒక చెట్టు నాటారు.

ఆయన చూడని సంగతి ఒకటుంది. కోటిలో ఒక వంతు కాంతి అంటే చాలా బలహీనం. పదార్థం మరీ తక్కువుంటే వేలిముద్ర దొరకడం కష్టం. 1974లో ఇంగ్లాండులోని సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌క్విలన్ గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడు మీద పిరిడిన్ అనే పదార్థం పెట్టి చూస్తే రామన్ కాంతి ఊహించనంత బలంగా వచ్చింది. ఇది గరుకు వల్ల పెరిగిన ఉపరితలం ఒక్కదాని పని కాదని, లక్షల రెట్లు పెరుగుతోందని 1977లో మరో రెండు బృందాలు తేల్చాయి.

కారణం లోహం లోపలి ఎలక్ట్రాన్లు. సగం నిండిన నీళ్ల ట్యాంకర్ బ్రేకు వేస్తే లోపల నీళ్లు ముందుకూ వెనక్కీ ఎలా కొట్టుకుంటాయో, కాంతి తగిలినప్పుడు నానో సైజు వెండి ముక్కలో ఎలక్ట్రాన్లన్నీ కలిసి అలా ఊగుతాయి. దీన్నే ప్లాస్మాన్ అంటారు. ముక్క సైజు, ఆకారం బట్టి ఏ రంగుకు బాగా ఊగుతుందో మారుతుంది. ముక్క గుండ్రంగా కాక తీగలా ఉంటే ఆ ఊపు కాలవలో అలలా తీగ పొడవునా పరుగెడుతుంది, చివర తగిలి వెనక్కి వస్తుంది. ఈ తీగ మందం వంద నానోమీటర్లు, ఆ లోపు. ఆకుపచ్చ కాంతి తరంగమే ఐదు వందల నానోమీటర్లు. అంటే కాంతి కంటే సన్నటి గొట్టంలో కాంతిని నడిపిస్తున్నట్టు. రెండు తీగలు ఒకదానిమీద ఒకటి పడిన సందులో కాంతి అంతా కుదించుకుపోయి ఉంటుంది. స్లాబు మెష్‌లో రాడ్లు కలిసే ప్రతి చోటా బైండింగ్ వైరు ముడి వేస్తాం కదా, అక్కడన్నమాట. ఆ ముడి దగ్గర ఇరుక్కున్న అణువు రామన్ సంకేతం కొన్ని లక్షల రెట్లు బలపడుతుంది. 1997లో ఇలా ఒకే ఒక్క అణువు వేలిముద్రను కూడా పట్టారు.

ఈ వెండి తీగలు చేసే తేలిక పద్ధతి ఒకటి 2002లో సియాటిల్‌లో యునాన్ షియా బృందం చెప్పింది. ఆయన 2012లో మనకు నలభై మైళ్ల దూరంలోని అట్లాంటా జార్జియా టెక్‌కు వచ్చారు. వెండి లవణాన్ని ఒక పాలిమర్‌తో కలిపి వేడి ద్రవంలో వండుతారు. ఆ ద్రవం ఏమిటో తెలిసినప్పుడు మేం నవ్వాపుకోలేకపోయాం. ఎథిలిన్ గ్లైకాల్! మా డ్రమ్ములోదే.

ఖర్చు తగ్గించడమే ఇప్పుడు అసలు పోరాటం. ఆ ఇటుకంత పెట్టెకు వేల డాలర్లు అవుతాయి. మన ఊళ్లో కల్తీ పాలు, నకిలీ మందులు, కూరగాయల మీద మిగిలిన పురుగుమందు పట్టుకోవాలంటే అంత పెట్టే వాళ్లెవరు? అందుకే వడపోత కాగితం మీద వెండి తీగలు ఆరబెట్టి, వాడి పారేసే చీటీలు చేస్తున్నారు. వెండి, బంగారం బదులు చవక లోహాలూ చూస్తున్నారు. రాగి బాగానే పనిచేస్తుంది, గాలికి పాడవుతుంది. అల్యూమినియం మీద కిటికీ ఫ్రేముకు ఉన్నట్టే సన్నటి రక్షణ పొర దానంతటదే వస్తుంది, కానీ అది ఊదా, నీలం వైపు కాంతికే ఎక్కువ పనికొస్తుంది. ఇంకోటి టైటానియం నైట్రైడ్. పేరు కొత్తగా ఉందా? మన టూల్ బాక్సులో బంగారు రంగు డ్రిల్ బిట్ ఉంటుంది చూడండి, దాని మీది పూత అదే. కాంతి విషయంలో దాదాపు బంగారంలా నడుచుకుంటుంది, వేడికి బంగారం కంటే గట్టిగా నిలుస్తుంది.

డ్రమ్మును ఆ మధ్యాహ్నమే లారీ వచ్చి తీసుకుపోయింది. రెండు గంటలకు కాంక్రీట్ మొదలుపెట్టి, చీకటి పడేలోపు పోత పూర్తిచేశాం.